ఎక్కడం సగం పనే

కొండల మధ్య పెరిగిన పిల్లలకి ఎత్తంటే బెదురుండదు. పద్మపూర్‌లో జగమండ కొండ మన గుమ్మం ముందే ఉంది. కోరాపుట్ వైపు వెళ్తే దేవమాలి, 1,672 మీటర్లు; ఒడిశాలో దాన్ని మించిన ఎత్తు లేదు. తెల్లారి బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అందుకేనేమో, మన కుర్రాళ్లు హిమాలయాల్ని కూడా ఇంకాస్త పెద్ద దేవమాలి అనుకుంటారు.

పోయిన నెల ఒకమ్మ అడిగారు. "మావాడు లడాఖ్ వెళ్లి ఆరు వేల మీటర్ల శిఖరం ఎక్కుతానంటున్నాడండి. ఏదో కంపెనీ తీసుకెళ్తాదట. గైడు, గుడారం, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారట. డబ్బుకి మాత్రం వాళ్ల నాన్న పీఎఫ్ తీయమంటున్నాడు. పంపమంటారా?" ఇదే మాట ఇంకో రెండిళ్లలోనూ విన్నాను. అందుకని అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్పేస్తున్నాను.

వద్దని నేను అనను. మనలాంటి ఇళ్ల పిల్లలే ఎక్కారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ మీద నిలబడింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, కూలిపని చేసుకునే వాళ్ల కూతురు. అప్పటికి ఆమెకి పదమూడేళ్ల పదకొండు నెలలు. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. సైకిళ్లు బాగుచేసుకునే ఆయన కొడుకు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్లే.

పేపర్లో మనం చూసింది జెండా పట్టుకున్న ఫోటో. దాని వెనకున్న కథ వేరు. కోచ్ శేఖర్ బాబు ముందు భువనగిరి బండ మీద వంద మందికి పైగా పిల్లలకి శిక్షణ ఇచ్చారు. వాళ్లలో ఇరవై మందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకి పంపారు. ఆ తర్వాత లడాఖ్ చలిలో అలవాటు చేయించారు. మెట్టు మెట్టుకీ కొందరు ఆగిపోగా చివరికి మిగిలింది ఇద్దరు. శిఖరం సంగతి ఆఖర్న వచ్చింది. కాళ్లు, ఊపిరి, మనసు అంతకు ముందే తయారయ్యాయి.

పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడిపోతుంది. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంది. దిగిన రోజే హడావిడిగా తిరిగితే తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకి ఐదొందల మీటర్లకి మించి పెంచకూడదని వైద్యులు చెప్తారు. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరితే వెంటనే కిందికి దించడమే అసలు వైద్యం. ఎంత కండ ఉన్నవాడైనా ఇంతే. బాయిలర్లో ప్రెషర్ నెమ్మదిగా పెంచుతాం కదా, ఒళ్లూ అంతే.

షట్‌డౌన్ పనికి పైకెక్కిన మనిషి కిందికి దిగి, పర్మిట్ మూసి సంతకం పెడితేనే పని అయినట్టు. కొండ దగ్గరా అదే లెక్క. ఢెంకనాల్‌కి చెందిన లాయరు కల్పనా దాస్ 2008లో ఎవరెస్ట్ ఎక్కి, ఒడిశాకి ఆ పేరు మొదటిసారి తెచ్చారు. 2019 మే 23న అదే శిఖరం నుంచి దిగుతూ ప్రాణం వదిలారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు మన విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాల్ని 2006లో 172 రోజుల్లో ఎక్కేశారు. 2015 మార్చిలో ఆండీస్ కొండల్లోకి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అంత తెలిసినవాళ్లకే అలా జరిగింది. కాబట్టి కంపెనీ వాళ్లని "ఎంతమందిని పైకి చేర్చారు?" అని అడిగి ఊరుకోకండి. "ఎప్పుడెప్పుడు వెనక్కి తిప్పారు? ఎందుకు తిప్పారు?" అనీ అడగండి. జవాబు లేకపోతే లేచి వచ్చేయండి.

"అన్నీ వాళ్లే చూసుకుంటారు" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. పూర్ణ ఎక్కిన ఆ ఏడాదే, ఏప్రిల్ 18న, ఎవరెస్ట్‌కి నేపాల్ వైపు దారిలో మంచు విరిగిపడి పదహారు మంది చనిపోయారు. అందరూ నేపాలీ పనివాళ్లే. ఎక్కేవాళ్ల కోసం దారి వేసి, సామాను మోసేవాళ్లు. ప్రభుత్వం తక్షణ సాయంగా కుటుంబానికి నలభై వేల నేపాలీ రూపాయలంది. షెర్పాలు పని ఆపేశారు. ఆ వైపు ఆ సీజన్ దాదాపు మూతపడింది. పూర్ణ వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. పనివాడు పని ఆపాడంటే దాని వెనక ఏముంటుందో మన ఇళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

లడాఖ్‌లో అయినా అంతే. మీవాడి గుడారం, బియ్యం, గ్యాసు ఎవరో ఒకరు మోస్తేనే పైకి చేరతాయి. ఆ మోసే మనిషికి బీమా ఉందా? మంచి బూట్లిచ్చారా? జబ్బు చేస్తే అతన్నీ దించుతారా? అడగండి. తన పనివాణ్ని చూసుకోని కంపెనీ మీ పిల్లాణ్ని చూసుకుంటుందని నేను నమ్మను.

ఇక డబ్బు సంగతి. నాన్న పీఎఫ్ ముట్టొద్దు. అది ఆయన ముసలితనానికి కూడు. డార్జిలింగ్‌లోనూ ఉత్తరకాశీలోనూ ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలున్నాయి. నెల రోజులకి కాస్త తక్కువలో బేసిక్ కోర్సు అయిపోతుంది. కుర్రాడు నాలుగు డబ్బులు సంపాదించుకుని, ముందు ఆ కోర్సు చెయ్యనివ్వండి. మంచులో నడక, తాడు కట్టడం, జారితే ఆపుకోవడం అక్కడ నేర్పుతారు. తనకి ఈ పని సరిపడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. అది అయ్యాక కూడా వెళ్తానంటే సంతోషంగా పంపండి.

పంపేముందు ఒక్క మాట తీసుకోండి. శిఖరం పది అడుగుల దూరంలో కనబడుతున్నా సరే, గైడు దిగమంటే దిగుతానని.