అమ్మిన పిమ్మట వచ్చు తగవు

చిరకాలముగా పరరాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పాతపెట్టె లేని యిల్లు అరుదు. హోసూరులోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను తాతగారి కాలపు ట్రంకుపెట్టెను తెరచినచో తపాలా బిళ్లల ఆల్బమో, చెల్లని నాణెముల మూటయో, గ్రామఫోను రికార్డులో కనబడుచునే యుండును. యానాములోని పాత యిండ్లలో ఫణముల లెక్కన, కాసుల లెక్కన వెలలు ముద్రించిన ఫ్రెంచి ఇండియా బిళ్లలు దొరకుటయు కలదు. పిల్లలు ఉద్యోగములకై దూరములకు పోవుచున్నారు, ఇండ్లు చిన్నవగుచున్నవి, ఈ వస్తువులను భద్రపరచువారు కొరవడుచున్నారు. ఒకప్పుడు వీనిని పాతసామానుల వర్తకునకు తూకమునకు ఇచ్చివేయుచుండిరి. నేడు చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీసి, ఆన్‌లైను అంగడిలో పెట్టి, వందల మైళ్ల దూరమున నున్న సేకరణకర్తకు అమ్మగలుగుచున్నాము. ఇది సంతోషింపదగిన మార్పే. వస్తువు దాని విలువ నెరిగినవాని చేతికి చేరుచున్నది. అమ్మిన కుటుంబమునకు తగిన వెలయు ముట్టుచున్నది.

అయితే సొమ్ము ముట్టుటతో వ్యవహారము ముగియుట లేదు. వారము తిరుగకమునుపే కొన్నవాని యొద్దనుండి కబురు వచ్చును: “మీరు చెప్పినది వేరు, పంపినది వేరు, సొమ్ము తిరిగి యిండు.” అమ్మినవారి మనస్సు వెంటనే గాయపడును. అది తండ్రిగారు దాచిన వస్తువు. దానిని శంకించుట తండ్రిగారినే శంకించుటగా తోచును. మాటకు మాట పెరుగును. కొన్ని వందలతో తీరవలసిన చిక్కు వంశగౌరవపు పోరాటముగా మారును. ఇట్టి తగవును ఎట్లు నడుపవలెనో మన కుటుంబములు ముందుగనే ఆలోచించుకొనుట మంచిదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణము తీసికొందము. స్వాతంత్ర్యము వచ్చిన యేడాదికి, 1948 ఆగస్టు 15న, గాంధీ మహాత్ముని చిత్రముతో భారత తపాలాశాఖ నాలుగు బిళ్లలను వెలువరించినది. వాని వెలలు ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. అవి స్విట్జర్లాండులోని కూర్వాజియే ముద్రణాలయమున అచ్చయినవి. వానిపై “బాపు” అను పేరు హిందీ, ఉర్దూ లిపులలో నున్నది. అందు పది రూపాయల బిళ్లకు సేకరణకర్తలలో నేటికిని గిరాకి మిక్కుటము. గిరాకి యున్నచోట నకిలీయు ఉండును. ఈ బిళ్లకు నకిలీలు పుట్టుట అందరెరిగినదే. కనుక కొనువాడు దానిని భూతద్దముతో పరీక్షించుట సహజము. అందు అవమానమేమియు లేదు.

ఒక గృహస్థు తన తండ్రిగారి ఆల్బములోని ఈ బిళ్లను అమ్మకమునకు పెట్టెననుకొందము. దానిపై తపాలా ముద్ర పడలేదు. కనుక అతడు వివరములో “మింట్” అని వ్రాసెను. “వాడనిది” అనియే అతని భావము. కాని సేకరణకర్తల పరిభాషలో ఆ మాటకు అంతకన్న ఎక్కువ అర్థము కలదు. మింట్ అనిన, తపాలా కచేరిలో అమ్మిన నాటి జిగురు బిళ్ల వెనుక నిలిచియుండవలెను. ఆల్బములో అంటించుటకు హింజ్ అను సన్నని కాగితపు ముక్కను వాడియుండినచో, ఆ మచ్చను వేరుగా చెప్పవలెను. జిగురు పోయినచో “వాడనిది, జిగురు లేదు” అని వ్రాయవలెను. ఈ మూడు స్థితులకు మూడు వెలలు. ఒకదానికొకదానికి వ్యత్యాసము స్వల్పము కాదు. మన గృహస్థుని తండ్రిగారు ఆనాటి వాడుక చొప్పున బిళ్లను హింజ్‌తో అంటించిరి. అటుపిమ్మట వర్షాకాలపు చెమ్మలో జిగురు కొంత కరగిపోయినది. పూణేలోని కొనుగోలుదారు బిళ్లను త్రిప్పి చూచి మోసపోయితిననుకొనెను. హోసూరులోని అమ్మకందారు తనపై నింద మోపుచున్నారనుకొనెను. యథార్థమేమనగా, ఇందు మోసగాడెవడును లేడు. ఒక్క మాటను ఇద్దరు రెండు విధములుగా గ్రహించిరి.

ఇంటిలో ఒక భాష, వీధిలో మరియొక భాష, కచేరిలో మూడవ భాష మాటలాడుచు తరతరములుగా బ్రతుకుచున్న మనకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒక మాట ఒకచోట మర్యాదయై, వేరొకచోట తప్పగుట మన మెరుగుదుము. కావున ఇట్టి తగవు వచ్చినపుడు “ఎవరు దొంగ?” అని అడుగుటకు ముందు “ఏ మాటను ఎవరెట్లు గ్రహించిరి?” అని అడుగుట మనకు సులభము కావలెను. తగవులో తొలి పని ఇదియే. వస్తువు నేమని వర్ణించితిమి? ఆ వర్ణనకును, చేరిన వస్తువునకును ఎక్కడ భేదము కలదు? ఈ రెండు ప్రశ్నలకు వెలుపల నున్నదంతయు కోపమే.

చట్టమును ఈ ప్రశ్నలనే అడుగుచున్నది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 15వ సెక్షను ప్రకారము, వర్ణననుబట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెను. కొనువాడు ముందుగా చూడని వస్తువును పరీక్షించుటకు తగిన అవకాశము పొందువరకు దానిని అంగీకరించినట్లు కాదని 41వ సెక్షను చెప్పుచున్నది. అట్లని అతడు నెలల తరబడి ఊరకుండుటయు తగదు. సహేతుకమైన కాలము గడచినను నిరాకరణ తెలుపక వస్తువును ఉంచుకొన్నచో, అంగీకరించినట్లేయని 42వ సెక్షను. ఈ చట్టము పెద్ద వర్తకునికే గాక, ఇంటిలోని ఒక్క బిళ్లను అమ్ముకొనువానికిని వర్తించును. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మాత్రము, వ్యాపారముగా గాక స్వంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్ముకొను వ్యక్తికి వర్తింపవు. కాని అదే పనిగా కొని అమ్ముచుండువాడు ఈ మినహాయింపును ఆశింపరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కొనుగోలుదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును; అపుడు అమ్మకందారు ఆ యూరికి పోయి, లేదా ఆ యూరి న్యాయవాదిని కుదుర్చుకొని, సమాధానము చెప్పుకొనవలసి రావచ్చును.

కనుక ఆచరణ యెట్లుండవలెను? ఫిర్యాదు వచ్చిన దినముననే బదులు వ్రాయవలెను. మౌనమును కొన్నవాడు అపరాధపు టొప్పుకోలుగా తీసికొనును. బదులు క్లుప్తముగా, మర్యాదగా ఉండవలెను: “మీ సందేశము చేరినది. మా వివరములోని ఏ మాటకు వస్తువు భిన్నముగ నున్నదో తెలిపి, ముందు వెనుకల ఛాయాచిత్రములు పంపుడు. ఫలానా తేదీ లోపల మా నిర్ణయము తెలుపుదుము.” ఇంతకన్న ఎక్కువ ఆనాడు వ్రాయనక్కరలేదు. ఫోనులో వాదింపక, అంగడివారి సందేశముల పేటికలోనే వ్రాయుట మేలు. అచట వ్రాసినది నిలుచును; నోటిమాట నిలువదు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము ఎలక్ట్రానిక్ పత్రములను సాక్ష్యముగా అంగీకరించుచున్నది గనుక, ఏ సందేశమును తుడిచివేయరాదు.

పరిశీలింపగా తప్పు మన మాటలోనే యున్నదని తేలినచో, వెనుకాడక సరిదిద్దవలెను. పై యుదాహరణములో మా తీర్పు కొనుగోలుదారు పక్షము. అమ్మకందారు వంచకుడు కాడు, నిజమే. కాని మాటను ఎంచుకొన్నది అతడు. పరిభాష తెలియకపోయినచో దానిని వాడకుండుట అతని చేతిలోని పని. దూరమున నున్న కొనుగోలుదారునకు ఆ మాట తప్ప వేరు ఆధారము లేదు. సొమ్ము పూర్తిగా తిరిగి యిచ్చి, వాపసు తపాలా ఖర్చును తానే భరించుట ఒక మార్గము. కొన్నవాడు బిళ్లను ఉంచుకొన గోరినచో, జిగురు లేని బిళ్లకు తగిన వెలను నిలుపుకొని మిగిలినది తిరిగి యిచ్చుట రెండవ మార్గము. నకిలీ యను అనుమానమున్నచో, ఇద్దరికి సమ్మతుడైన నిపుణుని యొద్దకు పంపి, ఎవరి మాట తప్పని తేలునో వారు పరీక్షా రుసుమును భరించునట్లు ముందే వ్రాసికొనుట మూడవది. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

దీనికి రెండవ పక్షము కూడ కలదు. కొన్నవారందరు సత్యసంధులు కారు. వర్ణనలో “హింజ్ మచ్చ కలదు” అని స్పష్టముగ వ్రాసి, వెనుకవైపు చిత్రమును కూడ పెట్టిన తరువాత, అదే మచ్చను చూపి సగము సొమ్ము అడుగువారు కలరు. మంచి బిళ్లను ఉంచుకొని, చెడ్డదానిని వాపసు పంపువారును కలరు. ఇట్టి చోట వినయముతో, దృఢముగ నిరాకరింపవలెను. ఇందుకు ముందుజాగ్రత్త యొకటే: పంపుటకు ముందు వస్తువును ఇరువైపుల దగ్గరనుండి చిత్రములు తీసి యుంచవలెను. బిళ్ల అంచున నున్న పంటిరంధ్రముల తీరు ఏ రెండు బిళ్లలకును పూర్తిగ ఒక్కటి కాదు. వాడిన బిళ్లపై ముద్ర పడిన చోటును అట్టిదే. వాపసు వచ్చినది మనదో కాదో ఆ చిత్రమే చెప్పును. వచ్చిన పొట్లమును విప్పునపుడు ఆద్యంతము వీడియో తీయుట ఇరుపక్షములకు మంచిది.

దారిలో చెడిన వస్తువు సంగతి వేరు. పొట్లమును రవాణాదారునకు అప్పగించుట సాధారణముగా కొన్నవానికి అప్పగించినట్లే యగును. కాని రవాణా యేర్పాటును వస్తువు స్వభావమునకు తగినట్లు చేయనిచో, కొన్నవాడు దానిని అప్పగింతగా అంగీకరింపక పోవచ్చునని 39వ సెక్షను చెప్పుచున్నది. అంగడివారి నియమములు అమ్మకందారుపై ఇంకను ఎక్కువ భారమును మోపి యుండవచ్చును గనుక వానిని ముందే చదువవలెను. గట్టి అట్టల నడుమ నుంచక కాగితపు కవరులో పంపిన బిళ్ల మడతపడినచో, తపాలావారిని నిందించుట న్యాయము కాదు. విలువైనదానిని బీమా చేసి పంపవలెను.

తగవు వేషమున వచ్చు దొంగతనమును గూర్చియు హెచ్చరింపవలసి యున్నది. “పొరబాటున ఎక్కువ సొమ్ము పంపితిని, మిగిలినది తిరిగి పంపుడు” అని చిత్రమొకటి చూపువాని మాట నమ్మక, బ్యాంకు ఖాతాలో సొమ్ము జమయైనదా లేదా చూచుకొనవలెను. వాపసు సొమ్ము ఏ ఖాతానుండి వచ్చినదో ఆ ఖాతాకే పోవలెను. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్యను నొక్కవలసిన పని లేనేలేదు, నొక్కుమనువాడు దొంగ. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.

మరియొక సంగతి. నూరేండ్లు నిండిన నాణెములు, శిల్పములు, డెబ్బదియైదేండ్లు దాటి సాహిత్య, చారిత్రక విలువ గల వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను. స్వంతముగా విదేశములకు పంపుట నిషిద్ధము. తాతగారి తాళపత్రమును విదేశీయునకు అమ్మి, పంపలేక, సొమ్ము నిలుపుకొని కాలయాపన చేయుట చట్టరీత్యా తప్పు, ధర్మరీత్యా మరింత తప్పు. సంగతి తెలిసిన క్షణముననే అమ్మకమును రద్దు చేసి సొమ్మును తిరిగి పంపివేయవలెను.

ఇట్టి తగవులలో మనవారు రెండు విధముల పొరబడుదురు. కొందరు ఫిర్యాదును తమ జాతికే జరిగిన అవమానముగా ఎంచి, ఒక బిళ్ల జిగురును భాషాభిమానపు సమస్యగా మార్చుదురు. మరికొందరు “పరాయిచోట బ్రతుకువారము, మనకేల ఈ గొడవ” అని న్యాయము తమవైపున ఉన్నను లొంగిపోవుదురు. మన పూర్వులు చేనేత మగ్గములతోను, వర్తకపు చిట్టాలతోను, సేద్యముతోను ఈ యూళ్లలో నిలదొక్కుకొన్నది ఈ రెండింటి వలనను కాదు. చెప్పిన మాటకు కట్టుబడిరి. చెప్పని మాటకు తలయొగ్గలేదు. ఇరుగుపొరుగువారు వారిని నమ్మిరి.

మన సంఘములకు ఇందు ఒక చిన్న పని కలదు. ప్రతి యూరిలోను తపాలా బిళ్లల, నాణెముల సంగతి తెలిసినవారు ఒకరిద్దరైనను ఉందురు. అమ్మకమునకు పెట్టుటకు ముందు వర్ణనను వారికి చూపి, ఒక్క గడియ వారి మాట వినుట మేలు. ఇంగ్లీషు పరిభాష తెలియని పెద్దలకు చదువుకొన్న పిల్లలు తోడ్పడవలెను. తగవు వచ్చినచో కొన్నవాని భాష తెలిసిన మన సోదరుడొకడు మరాఠీలోనో, కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో ఒక సౌమ్యమైన జాబు వ్రాసి పెట్టవలెను. పది యింగ్లీషు సందేశములు తీర్పలేని చిక్కును స్వభాషలో వచ్చిన ఒక్క జాబు తీర్చుట కలదు. ఆ భాషలు మనకు వచ్చును. వానిని కలహమునకు గాక సమాధానమునకు వినియోగింతము.