అంబర్ పక్కటెముకల నీడలో

మేము మదరసాలో హదీసు బోధించడం ప్రారంభించి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ఘట్టం ఏటా వస్తుంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది సహాబాలు సముద్రతీరానికి పయనమయ్యారు. ఆహారం తరిగి తరిగి రోజుకు తలా ఒక్క ఖర్జూరం దాకా వచ్చింది. అప్పుడు సముద్రం ‘అంబర్’ అనే మహామత్స్యాన్ని ఒడ్డుకు చేర్చింది. దాని పక్కటెముకను నిలబెడితే కింది నుంచి ఒంటె సాగిపోయిందని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. చదివేవాళ్ళం, అర్థం చెప్పేవాళ్ళం, పుట తిప్పేవాళ్ళం. ఆ ఎముక ఎంత ఎత్తుంటుందో మేమెన్నడూ ఊహించుకోలేదు.

ఈమధ్య మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న మా కుమారుని వద్దకు వెళ్ళాము. అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియం 1985లో వెలసింది, పెద్దదేమీ కాదు. అందులో తిమింగలాలకంటూ ఒక ప్రత్యేక మందిరం ఉన్నది. ఒమాన్ తీరానికి కొట్టుకువచ్చిన స్పెర్మ్ తిమింగలపు అస్థిపంజరం అందులో ప్రధానం. అంబర్ అనే సుగంధ ద్రవ్యం పుట్టేది ఈ జీవి పేగులలోనే. అరబ్బులు జీవికీ, ద్రవ్యానికీ ఒకే పేరు పెట్టారు. ఆ పక్కటెముకల వరుస ముందు నిలబడి చాలాసేపు కదలలేకపోయాము. ఒంటె మాట అతిశయోక్తి కాదు.

అంతలో తొమ్మిదేళ్ళ మనుమడు అడిగాడు: “దాదా, ఇది చేప కాదట. గాలి పీలుస్తుందట, పిల్లలకు పాలిస్తుందట. మరి మనం సముద్రంలో చేప ఒక్కటే తినాలని మీరు చెప్పారు కదా?”

హనఫీ మజ్‌హబ్‌లో సముద్రజీవులలో హలాల్ చేప మాత్రమే. తక్కిన ఇమాములు విశాలంగా తీసుకున్నారు. పిల్లవాడు పట్టుకున్నది సరిగ్గా ఆ ముడినే. మాకు వెంటనే జవాబు తోచలేదు, ‘గ్రంథం చూసి చెబుతాను’ అన్నాము. చెప్పవద్దూ, సిగ్గనిపించింది. ఆ రాత్రి ఆలోచించగా దారి దొరికింది. ఫుఖహా ‘చేప’ అన్నది అరబ్బుల వాడుకను బట్టి. హదీసులో దీనిని ‘హూత్’ అన్నారు, సహాబాలు రోజుల తరబడి తిన్నారు, మదీనా చేరాక దైవప్రవక్త (సఅసం) సైతం ఆ మాంసం ఆరగించారు. శాస్త్రజ్ఞుల వర్గీకరణ వేరొక ప్రయోజనం కోసం చేసినది. రెండూ తమ తమ చోట సరైనవే.

వాడు విన్నాడు. మరి ఇప్పుడు తినవచ్చా అని మళ్ళీ అడిగాడు. ఇక్కడ మాకు మరొక సంగతి చెప్పవలసి వచ్చింది. అరేబియా సముద్రంలో హంప్‌బ్యాక్ తిమింగలాలున్నాయి. వాటి జాతి ఇతర సముద్రాలలో వేల మైళ్ళు వలసపోతుంది. ఇవి మాత్రం ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. 1966 నవంబరులో సోవియట్ నౌకలు ఈ సముద్రంలో రెండు వందలకు పైగా హంప్‌బ్యాక్‌లను వేటాడాయి. నేడు ఒమాన్ జలాలలో మిగిలినవి వందకు లోపేనని అంచనా. వలలకు చిక్కి, ఓడలు తగిలి అవి ఇంకా చనిపోతూనే ఉన్నాయి.

“అంటే ఆ సహాబాలు దాన్ని చంపలేదు కదా దాదా?” అన్నాడు.

లేదు నాయనా, ఒడ్డుకు వచ్చినదే తిన్నారు అన్నాము. వచ్చే షవ్వాల్‌లో తరగతులు మొదలయ్యాక ఆ హదీసు దగ్గరకు వచ్చినప్పుడు నల్లబల్ల మీద ఒక పక్కటెముక గీసి, పక్కన ఒంటెను గీయాలనుకుంటున్నాము. మాకు బొమ్మలు రావు. ఎముక వరకైతే గీయగలము.