యంత్రానికి అప్పు ఉన్నది, పలకకు ఊత ఏది?

వడ్రంగి పనికి యంత్రాలు కొనదలచి బ్యాంకును ఆశ్రయించే చిన్న ఋణగ్రహీత తెచ్చే కొటేషనులో సాధారణంగా నాలుగైదు అంశాలు ఉంటాయి. రంపపు బల్ల, చిత్రిక పట్టే యంత్రం, డ్రిల్లు, మోటారు, విద్యుత్ అమరిక. డీలరు ఇచ్చిన ధరలను కూడి, ఋణగ్రహీత వాటాను మినహాయించి, మిగిలిన మొత్తాన్ని బ్యాంకు ఋణంగా మంజూరు చేస్తుంది. ఈ పట్టికలో ఒక వస్తువు తరచుగా కనిపించదు. అది, యంత్రం మీదికి వచ్చే పొడవైన చెక్కనూ, యంత్రం దాటి వెళ్ళే చెక్కనూ మోసే స్టాండు. ఎత్తు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలుండి, తలపై తిరిగే రోలరు అమర్చిన ఈ ఊత స్టాండును అందరూ తరువాత చూచుకోవచ్చునని వదిలివేస్తున్నారు. అది యంత్రానికి అలంకారం కాదు, యంత్రంలో భాగమే. కనుక ఋణపు అంచనాలో మొదటినుండీ దానికి చోటు ఉండాలి అన్నది ఈ వ్యాసం చెప్పదలచిన అభిప్రాయం.

బస్తరు కలప, బస్తరు చేతులు

కలప పనికి బస్తరు పేరు పొందిన సీమ. సాల వృక్షాలు, టేకు విరివిగా పెరిగే అడవులు ఇక్కడివి. జగదల్‌పూర్, కొండగావ్ పరిసరాల్లో తయారయ్యే బస్తరు కొయ్య చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. జాతీయ రహదారి 30 జగదల్‌పూర్‌ను కుంట, భద్రాచలం మీదుగా విజయవాడ ప్రాంతంతో కలుపుతున్నది. కిరండూల్ రైలు మార్గం విశాఖపట్నం వైపు దారి చూపుతున్నది. కుంట, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు వాడుక భాషల్లో ఒకటి. కావున ఈ విషయం తెలుగు చదివే పనివారికీ డీలర్లకూ దూరపు సంగతి కాదు.

బస్తరు దసరా ఉత్సవం 75 రోజులు సాగుతుంది. ఆ ఉత్సవానికి బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు భారీ కొయ్య రథాన్ని నిర్మిస్తారు. బాడిస, ఉలి, రంపం వంటి సంప్రదాయ పనిముట్లే అక్కడ ప్రధానం. ఎంత బరువైన దూలమైనా అక్కడ సమస్య కాదు, ఎందుకంటే ఒక దూలానికి పదిమంది చేతులు వేస్తారు. ఊరు మొత్తం ఊతగా నిలిచే పని అది.

కొండగావ్ బజారులో మంచాలు, ద్వారబంధాలు చేసుకొని బ్రతికే చిన్న దుకాణం సంగతి వేరు. అక్కడ ఉండేది యజమాని, ఒక సహాయకుడు. కలప బరువు మాత్రం రథానికైనా ద్వారబంధానికైనా ఒకటే. పదిమంది చేతుల స్థానంలో ఏమి నిలబెట్టాలి అన్నదే ప్రశ్న.

బరువు లెక్క

ఆరిన సాల కలప ఘనపు మీటరు దాదాపు 800 కిలోలు, టేకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. 10 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 2 అంగుళాల మందం గల సాల పలక బరువు సుమారు 38 కిలోలు. అదే కొలతల టేకు పలక సుమారు 31 కిలోలు. పచ్చి కలప ఇంకా బరువు.

ఈ సాల పలకను రంపపు బల్ల మీద కోస్తున్నామనుకుందాం. పలక సగం బల్ల అంచు దాటే వరకు ఇబ్బంది కనిపించదు. 6 అడుగులు బయటికి పోయినప్పుడు, ముందుకొస వాలిపోకుండా వెనుకకొసను దాదాపు 10 కిలోల బలంతో అదిమి పట్టాలి. 7 అడుగులు పోయినప్పుడు దాదాపు 25 కిలోలు. 8 అడుగులు పోయినప్పుడు దాదాపు 57 కిలోలు, అనగా పలక మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు. పనివాడు కోత చివరకు వచ్చే కొద్దీ అదమవలసిన బలం పెరుగుతుంది, ఆ చేయి బ్లేడుకు దగ్గరవుతుంది. ఈ రెండూ ఒకే సమయంలో జరుగుతాయి. వేళ్ళు పోయే క్షణం అదే.

ప్రమాదం అంతటితో ఆగదు. పలక ఒకవైపు వాలితే కోత సందు మూసుకొని, బ్లేడు వెనుకభాగపు పళ్ళను బిగించి పట్టుకుంటుంది. ఆ పళ్ళు పైకి లేచే దిశలో తిరుగుతుంటాయి కనుక పలకను ఎత్తి, పనివాని మీదికే విసురుతాయి. దెబ్బ తప్పినా కోత వంకర పోతుంది, టేకు పలక కొలతకు పనికిరాకుండా పోతుంది. పలక వెలను ఋణ వాయిదాతో పోల్చి చూచుకుంటే నష్టం ఎంతో ఎవరికి వారికే తెలుస్తుంది.

బల్ల దాటిన పలకను ఒక స్టాండు అందుకున్నదంటే పై లెక్కలో అదమవలసిన బలం దాదాపు లేకుండా పోతుంది. పనివాడు పలకను నెట్టడం మీద, గీత మీద మాత్రమే దృష్టి పెట్టగలుగుతాడు.

"మా తాతలు ఏ స్టాండు పెట్టారు?"

ఈ ప్రశ్న సహజమే. దానికి సమాధానం కూడా పాత పనిలోనే ఉన్నది. చేతి రంపంతో కోసేటప్పుడు చెక్క కదలదు, రంపం కదులుతుంది. చెక్కను దిమ్మెల మీద పెట్టి కాలితో తొక్కి పట్టితే చాలు. యంత్రం వచ్చిన తరువాత ఈ వరుస తలక్రిందులైంది. రంపం ఒకేచోట తిరుగుతున్నది, చెక్క కదులుతున్నది. కదలని చెక్కకు దిమ్మె సరిపోయేది. కదిలే చెక్కకు కదలికను అడ్డుకోని ఊత కావాలి. పనిముట్టు మార్చి ఊతను మార్చకపోవడం సగం మార్పు మాత్రమే.

సహాయకుడు పట్టుకుంటాడు కదా అనే మాట కూడా వినిపిస్తుంది. అవతలి కొస పట్టుకున్న వ్యక్తి తెలియకుండానే పలకను లాగుతాడు, లేదా పైకెత్తుతాడు. లాగితే కోత గీత తప్పుతుంది, ఎత్తితే బ్లేడు వద్ద చెక్క బిగుస్తుంది. స్టాండు లాగదు, ఎత్తదు, అలసిపోదు. పైగా చిన్న దుకాణాల్లో ఆ సహాయకుడు చాలాసార్లు ఇంటి పిల్లవాడే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 సంవత్సరాల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించింది. కుటుంబపు పనిలో సాయపడడానికి అనుమతి బడి వేళల తరువాత, సెలవుల్లో, అదీ ప్రమాదకరం కాని పనికి మాత్రమే. తిరిగే బ్లేడు ముందు నిలబడడం ప్రమాదం కాదని ఎవరూ అనలేరు. పలక కొసను స్టాండుకు అప్పగించి పిల్లవానిని బడికి పంపడం ఆ ఇంటికి వచ్చే నిజమైన ఆదాయం.

ఎన్నుకోవడం, అమర్చడం

మన ఇళ్ళలోని ముక్కాలిపీటను గమనించండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా అది ఊగదు. మట్టినేల గల దుకాణానికి మూడు కాళ్ళ స్టాండు అనుకూలం. నాలుగు కాళ్ళది సిమెంటు నేల మీదనే సరిగా నిలుస్తుంది. కాళ్ళు వెడల్పుగా విచ్చుకోవాలి. స్టాండు బరువు మరీ తక్కువగా ఉంటే పలక తగలగానే పడిపోతుంది. ఎత్తును నిలిపే బిగింపు గట్టిగా ఉండాలి; మరమేకు మాత్రమే ఉన్నదానికంటే రంధ్రంలోకి దూరే మేకు కూడా ఉన్నది బరువైన సాల కలపకు నమ్మకమైనది.

అమర్చడంలో మూడు నియమాలు పాటించాలి. మొదటిది, బల్ల దాటిన వైపు స్టాండు ఎత్తు బల్లకంటే వెంట్రుకవాసి తక్కువగా ఉండాలి. ఎక్కువైతే పలక కొస రోలరుకు తగిలి ఆగుతుంది లేదా స్టాండును తోసివేస్తుంది. సరియైన అంచుగల పొడవాటి బద్దను బల్ల మీద పరచి చూస్తే తేడా తెలుస్తుంది. రెండవది, రోలరు పలక నడిచే దిశకు నిట్ట అడ్డంగా ఉండాలి. ఓరగా ఉంటే పలకను పక్కకు లాగుతుంది. మూడవది, బల్ల అంచుకూ స్టాండుకూ మధ్య దూరం పలక పొడవులో సగం కంటే తక్కువ ఉండాలి. 10 అడుగుల పలకకు 5 అడుగుల లోపు, 6 అడుగుల పలకకు 3 అడుగుల లోపు. సన్నని చెక్క వంగుతుంది కనుక ఇంకా దగ్గరగా పెట్టాలి.

స్టాండు ఉన్నదని బ్లేడు మీది కప్పును, కోత సందు మూసుకోకుండా బ్లేడు వెనుక నిలిపే రేకును తీసివేయరాదు. ఒక రక్షణ మరొకదానికి బదులు కాదు.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. నేల మీద కూర్చొని, చెక్కను పాదాలతో పట్టి బొమ్మలు చెక్కే శిల్పికి దీనితో పని లేదు. పొడవైన పలకలు కోసేవారికీ, చిత్రిక పట్టేవారికీ మాత్రమే ఇది అవసరం. ఒకే యంత్రం, ఒకే ఎత్తు ఉన్న దుకాణానికి వడ్రంగి తానే చేసుకొన్న కొయ్య ఊత, పైన ఒక రోలరు బిగించుకొంటే, సరిపోతుంది. రెండు మూడు యంత్రాలు, వేర్వేరు ఎత్తులు ఉన్నప్పుడే ఎత్తు మారే స్టాండు తన ధరను తిరిగి ఇస్తుంది.

అప్పు, వాయిదా

చిన్న ఖర్చే కదా, చేతి డబ్బుతో తరువాత కొనుక్కోవచ్చునని కొందరి వాదన. యంత్రం దిగిన తరువాత చేతి డబ్బు కలపకూ కరెంటుకూ పోతుంది. "తరువాత" అన్నది రాదు. కావున లెక్క ముందే వేయాలి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేరగా వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహం, మొదటి విడతగా 18 నెలల్లో తీర్చవలసిన లక్ష రూపాయల వరకు ఋణం, రెండవ విడతగా 30 నెలల్లో తీర్చవలసిన 2 లక్షల వరకు ఋణం ఇందులో ఉన్నాయి. లబ్ధిదారుడు చెల్లించే వడ్డీ 5 శాతం. 2015లో వచ్చిన ముద్రా పథకంలో 50,000 వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్ ఋణాలు ఉన్నాయి.

లక్ష రూపాయలకు 5 శాతం వడ్డీతో 18 నెలల వాయిదా నెలకు సుమారు 5,780 రూపాయలు. ఉదాహరణకు రెండు స్టాండ్లకు 6,000 రూపాయలు అయిందనుకొంటే, ఆ వాయిదాలో వాటి వంతు నెలకు 350 రూపాయల లోపే. ఆ మొత్తాన్ని సహాయకునికి ఇచ్చే ఒకరోజు కూలితో పోల్చి చూడవలసినది ఋణగ్రహీతే.

ఎవరు ఏమి చేయాలి

డీలరు మిత్రులు రంపపు బల్ల కొటేషను వ్రాసేటప్పుడు స్టాండును విడి పద్దుగా చూపాలి. దుకాణంలో ఒక పొడవైన పలక పెట్టి, స్టాండు లేకుండా, స్టాండుతో నెట్టి చూపిస్తే వేరే ప్రచారం అక్కరలేదు. తేలికపాటి రేకు స్టాండును బరువైన సాల పనికి అంటగట్టరాదు. అది ఒకసారి కూలితే కొనుగోలుదారు మళ్ళీ ఆ దుకాణం మెట్లు ఎక్కడు. నగరపు సరుకే కావాలన్న నియమం కూడా లేదు. ఇనుప పనికి పేరుపడిన కొండగావ్ సీమలో స్థానిక కమ్మరి, వెల్డింగు పనివారు ఈ స్టాండును చేయగలరు. వారిచ్చే బిల్లును బ్యాంకులు ఆదరించడం న్యాయం.

బ్యాంకు అధికారులు దరఖాస్తును పరిశీలించేటప్పుడు ఒక ప్రశ్న అదనంగా అడగాలి: పొడవైన పలకను అవతల ఎవరు పట్టుకుంటారు? దానికి సమాధానం లేకపోతే అంచనా అసంపూర్ణమని భావించాలి. యంత్రం బ్యాంకుకు హామీ కావచ్చును గాని, ఆ అప్పును తీర్చేవి పనివాని పది వేళ్ళు. వాటిని కాపాడే వస్తువుకు అంచనాలో ఒక పంక్తి కేటాయించడం బ్యాంకుకు భారం కాదు.

ఋణగ్రహీత సోదరులకు చివరి మాట. ఈసారి కొటేషను చేతికి వచ్చినప్పుడు సంతకానికి ముందు మీ దుకాణంలో కోసే అత్యంత పొడవైన పలకను కొలవండి. మీ రంపపు బల్ల పొడవును కొలవండి. పలక బల్లకు రెట్టింపు కంటే పొడవైనదైతే, ఆ కొటేషనులో స్టాండు ఉండవలసినదే. లేకుంటే వెనుకకు ఇచ్చి వ్రాయించుకోండి.