అచ్చునకు ముందు పాఠకుడు

పత్తియు మిరపయు పండు పల్నాటి నల్లరేగడి నేలయందు కవులకు, కథకులకు ఎన్నడును కొరత లేదు. దాచేపల్లి వంటి చిన్న పట్టణమునను, దాని చుట్టుపట్ల గ్రామములందును పగలు పిల్లలకు పాఠము చెప్పి రాత్రి కథ వ్రాసికొను ఉపాధ్యాయులు, ఎరువుల దుకాణమున లెక్కలు చూచుచు పద్యము కట్టు యువకులు, పట్నమున చదువు ముగించి వచ్చి నవల యారంభించిన యువతులు నేటికిని కలరు. తమ పేరు అట్టమీద చూచుకొనవలెనను వీరి కోరిక సహజమైనది, గౌరవింపదగినది. కాని ఆ కోరిక నెరవేరుటకు నేడు వారికి అందరును చూపుచున్న మార్గము అచ్చుయంత్రము ఒక్కటే. అచ్చునకు ముందే పాఠకుని సంపాదించుకొనని గ్రంథము, ఎంత మేలైనదైనను, రచయిత యింటి అటకపై నిలిచిపోవునని నా దృఢవిశ్వాసము. ఇందుకు మన ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము.

నాగులేటి యొడ్డున కారెంపూడిలో ఏటేట కార్తీకమాసాంతమున జరుగు వీరారాధనోత్సవములందు వీరవిద్యావంతులు పల్నాటి వీరుల గాథను గానము చేయుదురు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911లో అచ్చువేయించునాటికి, ఆ గాథను కంఠస్థము చేసినవారును, తెల్లవార్లు కూర్చుండి వినువారును ఈ సీమలో తరతరములుగా ఉండిరి. అచ్చు వారికి కొత్తగా కథను తెచ్చిపెట్టలేదు; వారు ప్రేమించిన కథకు స్థిరరూపము నిచ్చినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున తెలుగు ప్రచురణకు పునాదులు వేసిన పెద్దలు ఈ సూత్రమును చక్కగ నెరిగియుండిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించినప్పుడు చందాదారులను చేర్చుకొని, వారి యండతో చరిత్రలు, శాస్త్రగ్రంథములు, నవలలు వరుసగా వెలువరించిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పి సామాన్యునికి అందు వెలలో ఉత్తమగ్రంథములను సమకూర్చిరి. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము వెలసినది. పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి ప్రాంతపు కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపి, ఒడ్డుననున్న పల్లెల వారికి పుస్తకములు అందించిరి. పుస్తకము పాఠకుని యింటి ముంగిటికి పోవలెనని తలచిన ఆ తరమునకు ప్రచారమనగా ఆత్మస్తుతి కాదు. అది విద్యాదానములో ఒక భాగము.

మహాగ్రంథములకును ఈ నియమము తప్పలేదు. పల్నాటి పుల్లరి ఉద్యమమున పాల్గొని చెరసాలకేగిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో కారాగారమున రచించిన మాలపల్లిని నాటి మదరాసు ప్రభుత్వము నిషేధించినది; 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట గాని ఆ నిషేధము పూర్తిగా తొలగలేదు. అన్ని యేండ్లు ఆ నవలను బ్రతికించినది ప్రకటనలు కావు, చదివినవారి యభిమానము. శ్రీశ్రీ మహాప్రస్థానమునకు చలముగారు యోగ్యతాపత్రము వ్రాసినది 1940లో. గ్రంథము వెలువడినది 1950లో. ఈ నడుమ ఆ గీతములు పత్రికలలో వచ్చి, సభలలో వినవచ్చి, యువకుల నాలుకలపై నిలిచినవి. పుస్తకము వచ్చునప్పటికే పాఠకలోకము దానికై ఎదురుచూచుచుండెను.

నేటి వ్యవహారము ఇందుకు విరుద్ధముగ సాగుచున్నది. రచయిత తన వ్రాతప్రతిని డీటీపీకి ఇచ్చి, ప్రూఫులు తానే దిద్దుకొని, కాగితమునకు, ముఖచిత్రమునకు, బైండింగునకు చేతిసొమ్ము చెల్లించి ఐదువందలో వేయో ప్రతులు వేయించును. రెండవ పుటలో ‘ప్రతులకు’ అను మాటక్రింద అతని యింటి చిరునామాయే యుండును. తరువాత ఆవిష్కరణ సభ. మందిరపు అద్దె, శాలువలు, జ్ఞాపికలు, ఫలాహారములు అన్నియు అతనివే. వక్తలలో గ్రంథము ఆసాంతము చదివి వచ్చినవారు ఒకరిద్దరైన అది అదృష్టము. సభకు వచ్చినవారికెల్ల ఒక్కొక్క ప్రతి ఉచితముగ అందును. పత్రికలకు సమీక్షకై రెండేసి ప్రతులు పోవును. వచ్చిన గ్రంథములు అనేకములు, పత్రికలో చోటు స్వల్పము. కనుక పెక్కింటికి ‘అందిన పుస్తకములు’ అను శీర్షికక్రింద పేరు, పుటల సంఖ్య, వెల మాత్రమే దక్కును. నెల తిరుగునప్పటికి మిగిలిన కట్టలు ఇంట చేరును.

విజయవాడ, హైదరాబాదు విక్రేతలలో పెక్కుమంది అమ్ముడైన పిమ్మట చెల్లించు పద్ధతిని ప్రతులను తీసికొందురు. వెలలో నలువది శాతమో అంతకు మించియో కమీషను క్రింద పోవును. దుకాణపు అద్దె, పనివారి జీతములు, అమ్ముడుపోని సరకు భారము మోయువారిని నిందించి ప్రయోజనము లేదు. కాని గుంటూరు యార్డునకు మిరప టిక్కీలు తోలుకొనిపోయిన దాచేపల్లి రైతు కమీషను పోను తనకు వచ్చునదెంతయో చీటీలో చూచుకొనును, ధర లేనినాడు సరకును కోల్డుస్టోరేజీలో నుంచి వేచియుండును. పుస్తకము వేసిన రచయితకు ఆ చీటీయు లేదు, ఆ వేచియుండు వసతియు లేదు.

రచయిత యాతురతను చూచి సొమ్ము తీసికొని పుస్తకము వేసిపెట్టెదమను సంస్థలు నేడు బయలుదేరినవి. చెప్పిన సేవను చెప్పిన వెలకు చేయువారు వాటిలో లేకపోలేదు. అయినను సంతకమునకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనవలెను. మన దేశమున ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య ఉచితముగ లభించును. దాని పేర రుసుము అడిగినచో ఎందులకని ప్రశ్నింపవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము 19వ సెక్షను ననుసరించి హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగ, రచయిత సంతకముతో జరుగవలెను. ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రాంతమునకు, ఎంత రాయల్టీకి అనునవి అందు స్పష్టముగ నుండవలెను. కాలము చెప్పనిచో ఐదేండ్లు మాత్రమే, ప్రాంతము చెప్పనిచో భారతదేశము మాత్రమే అని చట్టము భావించును. ఒప్పందమున వేరుగ లేనప్పుడు, ఏడాదిలోపల హక్కును వినియోగింపనిచో ఆ బదిలీయే రద్దగును. పొలము కౌలు కాగితమును నలుగురికి చూపి గాని వ్రేలిముద్ర వేయని కుటుంబములలో పుట్టినవారు, తమ యేండ్ల శ్రమఫలమును చదువని కాగితముపై సంతకము చేసి ఇచ్చివేయుట తగదు.

ఇక ప్రభుత్వపు కర్తవ్యము. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ సుంకము చెల్లించుచున్నారు. ఆ సొమ్మును పంచాయతీలు, పురపాలక సంఘములు సకాలమున గ్రంథాలయ సంస్థలకు జమచేయకపోవుట పలుచోట్ల చిరకాలపు వ్యాధి. సుంకము సక్రమముగ చేరి, జిల్లా గ్రంథాలయ సంస్థ ఏటేట నిపుణుల యెంపికపై కొత్త పుస్తకములు కొని, అందు ఆ జిల్లా రచయితలకు కొంత స్థానమిచ్చినచో, మంచి గ్రంథమునకు తొలి కొన్నివందల ప్రతులు అమ్ముడగు మార్గము ఏర్పడును. ఇది రచయితలపై దయ కాదు. పన్ను చెల్లించిన పాఠకుని హక్కు.

యువ రచయితలకు నా మనవి యిది. అప్పుచేసి వేయి ప్రతులు వేయింపకుడు. మీ కథను మొదట పత్రికకు పంపుడు. తిరిగివచ్చిన, దిద్ది మరల పంపుడు. దాచేపల్లి గ్రంథాలయమున నెలకొకమారు పదిమందిని కూర్చి చదివి వినిపింపుడు; పాఠశాలలకు, కళాశాలలకు పోయి పిల్లలతో మాటలాడుడు. వినినవారిలో కొనుటకు సిద్ధపడినవారి పేర్లు వ్రాసికొని, వారి సంఖ్యకు తగినన్ని ప్రతులే తొలుత వేయింపుడు. నేటి ముద్రణ సాధనములతో నూరు ప్రతులైనను వేయించుట సాధ్యము. 1989 నుండి విజయవాడలో జరుగుచున్న పుస్తకమహోత్సవమునకు మీ పుస్తకముతో పాటు మీరును పోయి, పాఠకుడు ఏ పుస్తకమును తీసి తిరుగవేయునో, దేనిని కొనునో కన్నులార చూడుడు. ప్రచారమును నీచమని తలంపకుడు. వ్రాసినదానిని చదువరికి చేర్చుటయు రచనాధర్మమే.

పాఠకులకును ఒక మాట. మీ యూరి రచయిత పుస్తకము వేసినప్పుడు అభినందించి ఉచిత ప్రతి నడుగకుడు. వెల యిచ్చి కొనుడు, చదువుడు, బాగున్నచో మరియొకరిచేత కొనిపింపుడు, బాగులేనిచో ఆ మాట అతనికి నేరుగ చెప్పుడు. రచయితకు మీరు చేయగల సన్మానము అంతకు మించినది లేదు.