గట్టు మారితే తడబడే లెక్క

సియాటిల్‌కి చుట్టాలొస్తే మేం తప్పకుండా చూపించేది బాలార్డ్ లాక్స్. అద్దాల వెనక సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. "మన పులసల్లాగే ఉన్నాయే" అంటారు మా అత్తయ్యగారు. నిజమే, రెండూ సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చేవే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మాత్రం ఎవరి మెడ చూసి కట్టారో!

అద్దం వెనక చేపల్ని లెక్కపెట్టడం తేలిక. అలాస్కాలోని కెనై నదిలో కరిగిన మంచుతోపాటు సన్నటి మట్టి వచ్చి నీళ్ళు మసగ్గా ఉంటాయి. మామూలు కెమెరా పనికిరాదు. అందుకని సోనార్ పెడతారు. కడుపుతో ఉన్నప్పుడు మనకు తీసే స్కానింగ్ లాంటిదే, శబ్దంతో గీసే బొమ్మ. అందులో చేప అంటే ఓ తెల్లటి మరక. కదిలితే తప్ప రాయో చేపో తెలీదు. సిబ్బంది గంటకు పది నిమిషాల వీడియో చూసి, చేపల్ని లెక్కపెట్టి, మిగతాది అంచనా వేస్తారు.

ఆ లెక్కను బట్టే వేటకు అనుమతి. తక్కువ వస్తే పడవలు ఒడ్డునే ఉండిపోతాయి, ఎన్నో ఇళ్ళ ఏడాది సంపాదన పోతుంది. ఎక్కువ వస్తే గుడ్లు పెట్టాల్సిన చేపలే వలలో పడతాయి.

ఈ పని కంప్యూటర్‌కు నేర్పడానికి 2022లో కాల్‌టెక్ పరిశోధకులు, వాళ్ళతో పనిచేసినవాళ్ళు 1,500కు పైగా సోనార్ వీడియోలు విడుదల చేశారు. వాటిలో చేప కనిపించిన చోటల్లా మనుషులు గీసిన గళ్ళు ఐదు లక్షలకు పైనే! నాకు నచ్చింది మాత్రం వాళ్ళు పెట్టిన పరీక్ష. కెనై ఎడమ గట్టు వీడియోలతో నేర్పించి, అదే నది కుడి గట్టువి, పక్క పాయవి, నుషగాక్ నదివి, మా వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదివి చూపించారు. కొత్త చోట్ల తప్పులు పెరిగాయి. అడుగున రాళ్ళు వేరు, నీటి వేగం వేరు, సోనార్ పెట్టిన కోణం వేరు. కదలని వాటిని చెరిపేసి, కదిలేవాటినే చూపిస్తే కొంత నయమైంది. మనలో టెస్టింగ్ ఉద్యోగాలు చేసేవాళ్ళకిది తెలిసిన బాధే. డెవలపర్ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది క్లయింట్ దగ్గర మొరాయించదూ?

ఎల్వా సంగతి వేరే చెప్పాలి. వందేళ్ళు దారికి అడ్డంగా ఉన్న రెండు ఆనకట్టల్ని 2011 నుంచి 2014 లోపు తీసేశారు. చేపలు తిరిగొస్తున్నాయి. అక్కడి లోయర్ ఎల్వా క్లాలం తెగవాళ్ళు కూడా చేపలు పెరగాలని ఏళ్ళ తరబడి వేట మానుకుని, 2023లో మళ్ళీ కోహో సాల్మన్ పట్టుకున్నారు. అంత ఓపిక పట్టినవాళ్ళ నదికి అలాస్కాలో నేర్చిన లెక్కను సరిచూడకుండా వాడితే ఎలా? ముందు ఆ నది వీడియోలు కొన్నిటికైనా మనుషులే కూర్చుని గళ్ళు గీయాలంటాను నేను.

ఇలాంటి పనిలో మనమూ చెయ్యి వెయ్యొచ్చు. మాంటెరీ బే అక్వేరియం పరిశోధనా సంస్థవాళ్ళు 2024లో ఫాథమ్‌వర్స్ అనే ఫోన్ ఆట తెచ్చారు. అందులో లోతు సముద్రపు జీవుల ఫొటోలు చూసి ఏది ఏమిటో గుర్తుపట్టాలి. ఎలాగూ పిల్లల చేతిలోంచి ఫోన్ ఊడదు కదా, పక్కన కూర్చుని మీరూ ఆడి చూడండి.