నేలకొండపల్లి పిల్లలకు ఒక టెలిస్కోపు

మనల్ని బతికించే వాతావరణమే ఎక్స్ కిరణాలను, అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని నేలదాకా రానివ్వదు. విశ్వం చెప్పే కబుర్లలో సగం అక్కడే ఆగిపోతాయి. అందుకే 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి మన అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌ను సుమారు 650 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీ నుంచి వచ్చిన అతినీలలోహిత కాంతిని అది పట్టిందని 2020లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన సూర్యుడింకా పుట్టకముందు బయల్దేరిన కాంతి అది!

ఆకాశాన్ని గమనించే ఈ విద్య తెలుగు నేలకు కొత్త కాదు. 1901లో హైదరాబాద్‌లో మొదలైన నిజామియా వేధశాల, దేశాలన్నీ ఆకాశాన్ని పంచుకుని చేసిన నక్షత్ర పటంలో తన వాటా పని చేసింది. ఫొటో పలకల మీద లక్షల చుక్కల స్థానాలు కొలిచిన ఆ ఓపికకు రావలసినంత పేరు రాలేదు.

ఆకాశం మీద ఆ ఆసక్తి నేటి పిల్లల్లోనూ కలగాలి. భక్త రామదాసు పుట్టిన నేలకొండపల్లికి, అక్కడి బౌద్ధ స్తూపం చూపడానికి పిల్లల్ని తీసుకెళ్తాం. వెన్నెల లేని చలికాలపు రాత్రి ఆకాశమూ చూపాలి. చిన్న టెలిస్కోపులోనైనా గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు కనిపిస్తాయి. జిల్లా విద్యాశాఖ మండలానికొక టెలిస్కోపు ఇవ్వాలి. నేలకొండపల్లి నుంచే మొదలుపెట్టాలి.