నొప్పి గోళీ, బీపీ గోళీ

నాట్ల కాలం వచ్చిందంటే ఊళ్ళో మెడికల్ షాపుకు సాయంత్రం తీరిక ఉండదు. పొద్దంతా నడుం వంచి బురదలో నిలబడ్డ ఆడవాళ్ళు వచ్చి "అన్నా, నొప్పుల గోళీలియ్యి" అంటారు. అతను కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి, పక్కన గ్యాస్ గోళీ ఒకటి పెట్టి, కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ కత్తిరింపులో మందు పేరూ పోతుంది, గడువు తేదీ కూడా పోతుంది. చాలాసార్లు ఆ పొట్లంలో ఉండేది డైక్లోఫెనాక్, లేదంటే ఎసిక్లోఫెనాక్‌తో పారసిటమాల్ కలిపిన మాత్ర. డైక్లోఫెనాక్ గోళీని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నది చట్టం. అయినా ఆ చీటీ అడిగేవాళ్ళెవరూ కనబడరు.

ఆ ఆడవాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మర్నాడు పనికి పోకపోతే ఇల్లు గడవని మనిషికి నొప్పి తగ్గితేనే కూలి దక్కుతుంది. "నొప్పి మాత్రలు మంచివి కావు, మానెయ్" అని చెప్పి చేతులు దులుపుకునే సలహా మీదే నా కోపం. మానెయ్యమన్నవాళ్ళు మరేం చెయ్యాలో కూడా చెప్పాలి కదా.

ముందు ఆ గోళీ ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. అరిగిన కీలు దగ్గర ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి వాపునూ నొప్పినీ పెంచుతాయి. ఆస్పిరిన్ లాంటి మందులు వాటి తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు. 1982లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అయితే ఇవే పదార్థాలు కడుపు లోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచుతాయి. మోకాలి కోసం మింగినా మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది. "గ్యాస్ గోళీ కూడా వేసుకున్నాగా" అనే ధీమా చాలామందిలో చూస్తాను. అది కడుపును కాస్త కాపాడుతుంది, మూత్రపిండాలకు దానితో ఒరిగేదేమీ లేదు. నడుముకు వేయించుకునే సూదిలో ఉన్నదీ తరచుగా అదే మందు.

ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ళు బెణుకుకో పంటి నొప్పికో నాలుగు రోజులు వాడితే మామూలుగా ఇబ్బంది రాదు. భయమంతా అరవై దాటినవాళ్ళ గురించి, షుగరూ గుండె జబ్బూ ఉన్నవాళ్ళ గురించి, అన్నిటికంటే ఎక్కువగా బీపీ మందు వాడేవాళ్ళ గురించి. మన దగ్గర బాగా వాడే బీపీ మందుల్లో టెల్మిసార్టాన్ ఒకటి. దానితో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిపి ఒకే గోళీగా కూడా అమ్ముతారు. టెల్మిసార్టాన్ మూత్రపిండంలోని జల్లెడ నుంచి రక్తం బయటికి పోయే దారిని వదులు చేస్తుంది. రెండోది ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. వాటి మీద నొప్పి గోళీ పడిందంటే లోపలికి వచ్చే దారి బిగుసుకుంటుంది. ఎండలో పనిచేసి నీళ్ళు చాలక ఉన్న ఒంట్లో ఈ మూడూ కలిస్తే మూత్రపిండం ఉన్నపళంగా దెబ్బతినవచ్చు. పైగా నొప్పి గోళీలు బీపీని కూడా పెంచుతాయి. బీపీ తగ్గడం లేదని డాక్టరు మందు పెంచుతాడు. నొప్పి గోళీ సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు.

మూత్రపిండాలంటే మనవాళ్ళకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల అంతమందికి ఎందుకు పాడయ్యాయో పరిశోధకులకు ఇంకా పూర్తిగా అంతు చిక్కలేదు. దాన్ని నొప్పి మాత్రలకే అంటగడితే ఆ జనానికి అన్యాయం చేసినట్టు. అయితే ఇప్పటికే బలహీనపడ్డ మూత్రపిండం మీద ఈ భారం వెయ్యకూడదన్న మాటలో మాత్రం వివాదం లేదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చాలా మామూలుది. దాదాపు సగం శక్తి పోయేదాకా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు కాబట్టి, షుగరూ బీపీ ఉన్నవాళ్ళు దానితో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో కూడా ఏటా చూపించుకోవాలి.

ఇక మోకాలి సంగతి. గుజ్జు అరిగిందన్నాక ఇంక కాలు కదపకూడదని మనవాళ్ళు మంచం పడతారు. నిజానికి తొడ కండరం గట్టిపడితేనే కీలు మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాచి, కాసేపు అలాగే నిలిపి, మెల్లగా దించాలి. పది సార్లు, రెండు కాళ్ళకూ, పూటపూటా. మొదట్లో కొద్దిగా నొప్పి పెట్టినా కొన్ని వారాలకు తేడా తెలుస్తుంది. లావున్నవాళ్ళు కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. నొప్పి మందే కావాలంటే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు. మోకాలి దాకా మందు అందుతుంది, రక్తంలోకి చేరేది మాత్రం చాలా తక్కువ. మూత్రపిండం జబ్బు ముందే ఉన్నవాళ్ళు దానికీ డాక్టర్ని అడగాలి. పేరు లేని పొట్లాల్లో వచ్చే కీళ్ళ పొడులను దగ్గరికి రానివ్వకండి. ఒక్క రోజులో కాళ్ళు లేచి వచ్చాయంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించాలి. అన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే కీలు మార్పిడి మంచి దారే. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు పెట్టింది. ఆపరేషన్ తర్వాత కూడా వ్యాయామం తప్పదు.

ఆ వ్యాయామం నేర్పేవాళ్ళు ఊళ్ళో లేరన్నదే నా బాధ. ఫిజియోథెరపిస్టు పట్నంలో ఉంటాడు, నొప్పి గోళీ వీధి చివర దొరుకుతుంది. వారానికి ఒక పూటైనా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. అంతకంటే తేలికైన పని ఇంకొకటుంది, రేపే మొదలుపెట్టవచ్చు. బీపీ చూడటానికి ఇంటికొచ్చే ఆశా కార్యకర్త, మందులిచ్చే ఏఎన్‌ఎం "అవ్వా, నొప్పులకేమన్నా గోళీలు ఏసుకుంటున్నవా?" అని అడగాలి. జవాబు వినగానే ఆ అవ్వ బీపీ పుస్తకంలో, డాక్టరు కంట పడేచోట రాయాలి.